సింగిణి వింటికి తగిన అమ్ములు

రాముని కోదండము, అర్జునుని గాండీవము, శివుని పినాకము, విష్ణువు శార్ఙ్గము అను పేర్లు తెలుగు బాలురకు చిన్ననాటనే తెలియును. విండ్లకు పేర్లున్నవి గాని వానినుండి వెడలిన వేలకొలది మామూలు అమ్ములకు పేర్లు లేవు. అందువలన విల్లే ప్రధానమనియు, అమ్ము దాని వెంట వచ్చు చిల్లర వస్తువనియు తలంచుట లోకములో సహజమైనది. విలువిద్య నెరిగినవారి మాట ఇందుకు విరుద్ధముగా నుండును. తగిన అమ్ము దొరకినచో సామాన్యమైన విల్లును గురి నిలుపును. తగని అమ్ముతో ఎంత మేలైన విల్లును గురి నిలుపజాలదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. వింటి బలమునకు ఓర్వలేని అమ్ము విడిచిన క్షణముననే విరిగి, దాని ముక్క విలుకాని చేతిలోనే దిగబడవచ్చును. కాబట్టి అమ్ముల ఎంపిక వినోదమునకు సంబంధించిన విషయము మాత్రమే గాక, దేహరక్షణకు సంబంధించినది కూడ.

నేతపేటలో ఈ ప్రస్తావన ఎందుకు

షోలాపురమున 1877లో మొదటి నూలుమిల్లు నెలకొన్న పిదప, తెలంగాణ జిల్లాలనుండి వచ్చి ఈ పట్టణపు పూర్వభాగమున స్థిరపడిన పద్మశాలి కుటుంబముల సంఖ్య తరతరమునకు పెరుగుచు వచ్చినది. చేమగ్గము మరమగ్గమైనను, చద్దరు నేసినను, తువాలు నేసినను, ఇంటి స్త్రీలు బీడీలు చుట్టినను, ఈ పేటల బ్రతుకు తెరువంతయు వ్రేళ్ళమీదనే ఆధారపడియున్నది. ఇట్టి ఇంటి పిల్లవాడు ధనుస్సు చేపట్టునపుడు వాని అరచేయి ఎంత విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

ధనుస్సు చేపట్టవలెనను కోరిక ఇటీవల యువకులలో పెరుగుటకు కారణము లేకపోలేదు. 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణపతకములు గెలిచినది. అందు ఒకటి నాగపురము యువకుడు ఓజస్ దేవతళేతో జంటగా వచ్చినది. మరియొకటి సాతారా ప్రాంతపు అదితి స్వామి, పంజాబు యువతి పర్‌ణీత్ కౌర్‌లతో కలసి సాధించినది. తెలుగు బిడ్డయు మరాఠీ బిడ్డలును ఒకే జట్టున నిలిచి గెలిచిన ఆ విజయము, రెండు భాషలను ఇంటిలోను వీధిలోను మాటలాడు షోలాపురపు తెలుగువారికి ప్రత్యేకముగ సంతోషము కలిగించునట్టిది. అవే క్రీడలలో విజయవాడకే చెందిన బొమ్మదేవర ధీరజ్ పురుషుల జట్టుతో రజతపతకము నందుకొనెను.

అయితే సురేఖ పట్టినది కప్పీలు గల యంత్రపు విల్లు. ధీరజ్ పట్టినది ఒలింపిక్ పద్ధతి విల్లు. దాని పిడి నడుమ అమ్ము పోవుటకు వీలుగా కోత యుండును. ఈ వ్యాసమునకు విషయము ఈ రెండును కాదు. వీనికంటె ప్రాచీనమైనట్టిదియు, కోత లేని పిడి గలదియు, కొనలు ముందునకు వంగినదియు నైన ఆసియా విల్లు. దీని రూపమున ఇప్పుడు కొయ్యతోను గాజునార పలకలతోను చేసిన విండ్లు అంగడిలో లభించుచున్నవి. విల్లు కొన్నవాడు దాని వెంట ఏ అమ్ములు కొనవలెనో తెలియక, చేతికి దొరికినవానిని కొనుటయే ప్రమాదమునకు మూలము.

సింగిణి యనగా నేమి

కొమ్ముతో చేసిన వింటికి తెలుగు నిఘంటువులలో 'సింగిణి' అను చక్కని పేరు కలదు. ఇది శృంగశబ్దమునుండి వచ్చినది. 'శార్ఙ్గము' అను సంస్కృతపదమునకును ఇదియే అర్థము. 1909లో శామశాస్త్రి ప్రకటించిన కౌటిలీయ అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణములో తాటి, చాపమను వెదురు, కొయ్య, కొమ్ము అని విండ్లకు నాలుగు మూలద్రవ్యములు చెప్పబడినవి. అచ్చటనే అమ్ములకు వేణువు, శరము, శలాక, దండాసనము, నారాచము అను ఐదు భేదములు చెప్పబడినవి. శరమనగా రెల్లుజాతి గడ్డి. ఆ గడ్డి పేరే బాణమునకు పేరగుట, పూర్వులు అమ్ముకోలకు దేనిని ఎక్కువగా వాడిరో తెలుపుచున్నది.

సింగిణి నడుమ సన్నని కొయ్యయు, విలుకాని వైపున గేదె కొమ్ము పలకయు, ఆవలి వైపున ఎండబెట్టిన స్నాయువుల పొరయు జిగురుతో అతుకబడి యుండును. విల్లు వంగినపుడు కొమ్ము నొక్కుడుకు ఓర్చును, స్నాయువు సాగుడుకు ఓర్చును. అల్లెత్రాడు విప్పినచో విల్లు ఎదురుదిక్కునకు తిరిగి ముడుచుకొనును. ఇంత బలము పొట్టి వింటిలో ఇమిడియుండుట వలననే గుఱ్ఱపురౌతులు దీనిని మెచ్చిరి. షోలాపురపు కోటకై 16వ శతాబ్దమున పోరాడిన బిజాపురపు ఆదిల్‌షాహీల, అహమదునగరపు నిజాంషాహీల అశ్వసైన్యములకు ఇట్టి విల్లు పరిచితమైనది. వర్షకాలపు తేమకు జిగురు మెత్తబడును గనుక హిందూదేశమున ఉక్కుతో చేసిన విండ్లును వాడుకలో నుండెను.

నల్లమల చెంచులు, గోదావరీ తీరపు కొండరెడ్లు, కోయలు వాడిన విల్లు వేరు. అది వెదురుతోగాని అడవి కఱ్ఱతోగాని చేసిన, తిరుగువంపు లేని సాదా విల్లు. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపిన మన్యపు పితూరీలో కనిపించినదియు ఆ విల్లే. రెండు విండ్లకును అమ్మునెన్నుకొను సూత్రము లొక్కటే. లెక్కలు మాత్రము మారును.

పొడవు: మొదటి కొలత

అమ్ము నెన్నుకొనుటలో మొదట చూడవలసినది పొడవు. ఆకర్ణాంతముగా లాగుట యను మాట మన కావ్యములలో అలంకారముగ వినబడును గాని, అది నిజమైన కొలత. ఆసియా పద్ధతిలో నారిని మూడు వ్రేళ్ళతో గాక బొటనవ్రేలితో కొక్కెమువలె పట్టి, చెవి దాక లాగుదురు. వ్రేలికి కొమ్ముతోగాని రాతితోగాని చేసిన ఉంగరము తొడుగుదురు. ద్రోణుడు ఏకలవ్యుని కుడి బొటనవ్రేలినే ఏల కోరెనో ఇందువలన స్పష్టమగును. ఆ వ్రేలు పోయిన పిదప అతడు మిగిలిన వ్రేళ్ళతోనే నారి లాగెననియు, మునుపటి వేగము తప్పెననియు మహాభారతపు ఆదిపర్వము చెప్పుచున్నది.

చెవిదాక లాగు పద్ధతిలో అమ్ము పొడవు ఎక్కువ కావలెను. గడ్డము దాక లాగువానికి 28 అంగుళములు చాలినచో, చెవిదాక లాగువానికి 31, 32 అంగుళములు పట్టవచ్చును. అగ్నిపురాణపు ధనుర్వేద భాగము ఉత్తమమైన అమ్ము 12 పిడికిళ్ళు, మధ్యమము 11, కనిష్ఠము 10 అని చెప్పినది. పిడికిలి సుమారు 3 అంగుళములనుకొన్నచో కనిష్ఠమైన అమ్మే 30 అంగుళములగును. ఇచ్చట గమనింపదగిన విశేషమేమనగా, పిడికిలి ఎవరిది వారిదే. పొడుగరికి పెద్ద పిడికిలి, పొట్టివానికి చిన్న పిడికిలి. ఆ కొలత విలుకాని దేహమునుండియే పుట్టుచున్నది.

కొలుచు విధమిది. మిక్కిలి మెత్తని వింటిలో పొడవైన కోల నుంచి, తోడివానిచేత పిడి ముందరి అంచువద్ద గుర్తు పెట్టించి, పూర్తిగా లాగి చూడవలెను. ఆ గుర్తునకు మీద ఒక అంగుళమో, రెండంగుళములో చేర్చి అమ్మును కోయవలెను. అమ్ము పొట్టియైనచో ములికి పిడిని దాటి వెనుకకు వచ్చి, విడిచినపుడు ఎడమచేతిని గ్రుచ్చును. ఎదుగు వయసు పిల్లలకు మరింత పొడవు వదలుట మేలు. ఒకరి అమ్ములు మరియొకరికి ఎరువిచ్చుట ఈ కారణముచేతనే తగదు.

బరువు: తులముల లెక్క

వింటిమీద వ్రాసిన బలము సాధారణముగా 28 అంగుళముల లాగుడుకు పౌనులలో నుండును. అంతకంటె ఎక్కువ లాగినకొలది ప్రతి అంగుళమునకు రమారమి రెండు మూడు పౌనులు పెరుగును. కావున 40 పౌనులని వ్రాసిన వింటిని 31 అంగుళములు లాగువాని చేతిలో ఆ విల్లు 47, 48 పౌనులది యగుచున్నది. అమ్మును ఎన్నుకొనవలసినది ఈ రెండవ సంఖ్యకే గాని వింటిమీది సంఖ్యకు కాదు.

అమ్ము బరువును గ్రెయినులలో చెప్పుట విలుకాండ్ర ఆచారము. కొయ్యయు గాజునారయు కలిసిన వింటికి పౌనుకు 8 మొదలు 10 గ్రెయినుల వరకు అమ్ము బరువుండుట క్షేమము. మనవారికి దీనిని జ్ఞాపకముంచుకొనుటకు సులభమైన మార్గము కలదు. పాత తులము సరిగా 180 గ్రెయినులు. పౌనుకు 9 గ్రెయినుల చొప్పున లెక్కించినచో 20 పౌనులకు ఒక తులమగును. కాబట్టి 40 పౌనుల వింటికి రెండు తులముల అమ్ము. 48 పౌనుల వింటికి 2.4 తులములు, అనగా 432 గ్రెయినులు, నేటి కొలతలో సుమారు 28 గ్రాములు. ములికి, ఈకలు, కోల అన్నియు కలిపిన బరువిది.

బరువేల కావలెను? తేలికైన అమ్ము వేగముగ పోవునుగదా యని కొందరందురు. పోవుట నిజమే. కాని దూదిపింజను బలముగ విసరినచో భుజము పట్టుకొనును. రాతిని విసరినచో చేతి బలము రాతితోపాటు పోవును. విల్లును అట్టిదే. అమ్ము మరీ తేలికయైనచో అది తీసికొనిపోగా మిగిలిన బలము వింటి బాహువులలోనే నిలిచి, వానిని అదరగొట్టి, కాలక్రమమున అతుకులు విడునట్లు చేయును. అమ్ము లేకుండ ఉత్త నారిని లాగి విడుచుట ఇందుకు పరాకాష్ఠ. ఒక్కసారి చేసినను విల్లు పగులవచ్చును. తుర్కులు ఇస్తాంబూలు నగరపు ఓక్‌మైదానమున దూరపు పందెములకు మిక్కిలి తేలిక అమ్ములు వాడిన మాట నిజమే. అవి అసలైన కొమ్మువిండ్లతో, ఏండ్ల తరబడి సాధన చేసినవారు వేసినట్టివి. వాని నుదాహరణగా తీసికొని క్రొత్తవాడు పుల్లవంటి అమ్మును సంధింపరాదు.

బిరుసు: అసలు రహస్యము

పొడవు, బరువు సరిపోయినను పని ముగియదు. మూడవది, అన్నిటికంటె సూక్ష్మమైనది, అమ్ముకోల బిరుసు.

సింగిణి పిడికి కోత లేదుగనుక అమ్ము పిడి ప్రక్కన ఆనియుండును. దాని మొన గురికి కొంచెము ప్రక్కగా చూచుచుండును. నారి మాత్రము వింటి నడిరేఖవైపు దూకును. అట్లయినచో అమ్ము పిడికి తగిలి ప్రక్కకు పోవలెనుగదా! పోకుండుటకు కారణమిది. నారి వెనుకనుండి నెట్టగానే కోల నడుమ వంగును; ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుచు, నీటిలో చేప పిడిబండను తప్పించుకొనిపోవునట్లు పిడిని చుట్టి పోయి, పిదప నిలకడ పొంది నేరుగా సాగును. 1930ల దశకమున క్లారెన్సు హిక్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు అతివేగముగ తీసిన చలనచిత్రములలో ఈ వంపులు కంటికి కనబడినవి.

వంపు తగినంత యుండవలెను. కోల మరీ బిరుసైనచో వంగక పిడిని రాచుకొని వెలుపలికి తొలగును. మరీ మెత్తనిదైనచో అతిగా వంగి ఎదురు ప్రక్కకు పోవును. వింటి బలము మరీ ఎక్కువయైనచో నడుమ విరుగును. విరిగిన అమ్ము ముందరి సగము నేలబడును గాని, వెనుకటి సగమును నారి ఇంకను నెట్టుచునే యుండును. దాని వాడి చీలిక విల్లు పట్టిన చేతి బొటనవ్రేలి మొదటనో, మణికట్టునందో దిగును. బొటనవ్రేలి పద్ధతిలో అమ్ము ఆ చేతిమీదనే ఆనియుండునుగదా!

బిరుసును ఇంటిలోనే కొలువవచ్చును. రెండు మేకులను 26 అంగుళముల దూరమున గోడకో బల్లకో కొట్టి, వానిపై కోల నుంచి, నడుమ రెండు పౌనుల, అనగా 907 గ్రాముల, బరువు వ్రేలాడదీయవలెను. కోల నడుమ ఎంత క్రుంగినదో కొలిచి, 26ను ఆ అంగుళములతో భాగించినచో బిరుసు పౌనులలో వచ్చును. కొలబద్దమీద మిల్లీమీటర్లున్నచో 660ని భాగించినను సరియే. 16.5 మిల్లీమీటర్లు క్రుంగినచో 40. 13 క్రుంగినచో సుమారు 50. 11 క్రుంగినచో 60.

ఏ వింటికి ఎంత బిరుసు కావలెనో తెలిసికొనుటకు ఆరంభలెక్క ఇట్లుండును. లాగిన బలమునుండి, కోత లేని పిడికిగాను 5 మొదలు 10 పౌనులు తీసివేయవలెను. అమ్ము 28 అంగుళములకంటె ఎక్కువున్న ప్రతి అంగుళమునకు 5 పౌనులు కలుపవలెను. 48 పౌనులు లాగి 32 అంగుళముల అమ్మును వాడువానికి 48లో 8 పోగా 40, దానికి 20 కలుపగా 60 వచ్చును. పొడవునకు ఇంత ప్రాధాన్యమేల యనగా, కోల క్రుంగుడు పొడవు యొక్క ఘనమునుబట్టి పెరుగును. ఆధారముల నడుమ దూరము 28నుండి 32కు పెరిగినంతమాత్రాన అదే కోల సుమారు ఒకటిన్నర రెట్లు క్రుంగును. ములికి బరువు పెంచినను కోల మెత్తనిదానివలె ప్రవర్తించును.

ఇచ్చట నేతవారికి బాగుగ అర్థము కాదగిన చిక్కొకటి యున్నది. నూలు నంబరనగా ఒక పౌనులో 840 గజముల చిలపలెన్ని తూగునో ఆ లెక్క. కావున నంబరు పెరిగినకొలది పోగు సన్ననిది. నేడు అంగడిలో దొరకు కర్బననార అమ్ములమీద 400, 500, 600 అని వ్రాయుసంఖ్య నూలు నంబరు వంటిదే. 28 అంగుళముల దూరముగల ఆధారములపై 880 గ్రాముల బరువునకు అంగుళములో ఎన్ని వేయవ వంతులు క్రుంగునో ఆ సంఖ్య తెలుపును. అది పెరిగినకొలది అమ్ము మెత్తనిది. కొయ్య అమ్ములమీద వ్రాయు పౌనులసంఖ్య ఇందుకు తలక్రిందులు. అది పెరిగినకొలది బిరుసెక్కువ. ఈ రెంటిని కలగలిపి, "పెద్దసంఖ్య గనుక గట్టిది" అని బలమైన వింటికి 600 అమ్మును కొనువాడు నిజముగా మెత్తనిదానిని కొనుచున్నాడు. పన్నె నంబరునకు తగని పోగు ఎక్కించినచో పడుగు తెగును, మరల ముడివేయవచ్చును. ఇచ్చటి తప్పుకు ముడి లేదు.

నారి, గాడి, పింజ

అమ్ము మొదట నారి పట్టు గాడి, నారి లావునకు సరిపోవలెను. నారికి తగిలించిన అమ్ము వ్రేలాడవలెను. నారిని వ్రేలితో మెల్లగ తట్టినచో జారిపడవలెను. వదులైనచో లాగుటలోనే అమ్ము జారి, ఉత్తనారి విడిచినట్లగును. అర్థశాస్త్రము నారికి మూర్వ అనబడు చాగనార, జిల్లేడు, జనుము, గవేధువను గడ్డి, వెదురు, స్నాయువు అను ఆరు ద్రవ్యములను చెప్పినది. ఆ పట్టికలో ప్రత్తి లేకుండుట నేతపేటవారు గమనింపదగినది. ఇంటిలో నూలు సమృద్ధిగా నున్నదని మగ్గపు పోగులు పేని నారి చేయుట తగదు. పడుగుకు ఓర్చు బిగువు వేరు, నారి అదురుకు ఓర్చు బిగువు వేరు.

నూలు పనికివచ్చు చోటు మరియొకటున్నది. అమ్ము చివరి ఈకల వరుసకు తెలుగున 'పింజ' యని పేరు. పక్షి ఈకలే ఈ వింటికి తగినవి. అవి పిడికి, చేతికి తగిలినపుడు మడతపడి మరల లేచును. ప్లాస్టికు రెక్కలు మడతపడక అమ్మును తొలగించును. ఒక అమ్మునకు కట్టిన ఈకలన్నియు ఒకే వైపు రెక్కవై యుండవలెను. కుడిరెక్కవి, ఎడమరెక్కవి కలిపినచో అమ్ము సరిగా తిరుగదు. ఈక ముందరి కొన వాడియైనచో అది ఆనియున్న చేతిని కోయును. కనుక ఆ కొనను మంచి పురిగల సన్ననూలుతో దగ్గరదగ్గరగా చుట్టి జిగురు పూయుదురు. ఈ చుట్టుపనిలో కండెలు చుట్టిన వ్రేళ్ళకు సాటి లేదు.

తుది పరీక్ష

లెక్కలు దారి చూపును గాని తీర్పు చెప్పునది విడిచిన అమ్మే. విశాలమైన మైదానమున, వెనుక మట్టిగట్టు గల చోట, పది అడుగుల వేటు దూరమునుండి మెత్తని గురిలోనికి పలుమార్లు వేయవలెను. కుడిచేత లాగి, బొటనవ్రేలి పద్ధతిలో అమ్మును వింటి కుడిప్రక్క నుంచువానికి, అమ్ములు వరుసగ కుడికి పోవుచున్నచో కోల బిరుసెక్కువ. ఎడమకు పోవుచున్నచో మెత్తన. మూడు వ్రేళ్ళ పద్ధతిలో ఎడమప్రక్క నుంచువానికి ఇది తారుమారగును. బిరుసైనదానికి ములికి బరువు కొంచెము పెంచవచ్చును. మెత్తనిదానిని, లాగుడు పొడవునకు లోపము రానంతవరకు, కొంచెము కురుచ చేయవచ్చును. అంతకు మించిన తేడా యున్నచో వేరు అమ్ములు తెచ్చుకొనుటయే మార్గము. పేటలలోని ఇరుకు సందులలో, మేడలపై, ఈ పరీక్షలు ఎన్నడును చేయరాదు.

డజను అమ్ములు కొన్నపుడు అవి తమలో తాము సమానముగ నుండవలెను. బిరుసులో 5 పౌనులకు, బరువులో 10 గ్రెయినులకు మించి తేడా గలవానిని వేరుచేయవలెను. వెదురు, రెల్లు కోలలు ప్రకృతిసిద్ధములు గనుక ఒకే కట్టలోనివే భిన్నముగ నుండును. షోలాపురపు వేసవి ఎండకు అవి ఎండి నెఱ్ఱెలు విచ్చును. వానకాలపు తేమకు వంకరపోవును. వంకరను నిప్పుసెగపై కాచి సవరింపవచ్చును; నెఱ్ఱెను సవరింపలేము. కావున ప్రతిసారి సంధించుటకు ముందు అమ్మును రెండు చేతులతో కొంచెము వంచి, త్రిప్పి, చెవియొగ్గి చూడవలెను. చిటపట వినబడినను, గోటికి గీత తగిలినను, దానిని రెండుగా విరిచి పారవేయుట మంచిది. దాచి యుంచినచో మరియొకనాడు ఎవరో తెలియక సంధింతురు.

సంగ్రహముగ చెప్పవలెనన్న, మొదట దేహమునుబట్టి పొడవు, పిదప లాగిన బలమునుబట్టి బరువు, ఆ రెంటినిబట్టి బిరుసు, తుదకు ప్రయోగమునుబట్టి సవరణ. ఈ వరుస తప్పరాదు. అమ్ము, కోల, ములికి, పింజ, అల్లెత్రాడు, సింగిణి అను మాటలు మన భాషలో నేటికిని నిఘంటువులలో నిలిచియున్నవి. వానిని పలికించు పని మాత్రము తగ్గిపోయినది. తెలుగుబడిలో చదువు పిల్లవాడు ఈ మాటలను పద్యములలో చదివి ఊరకుండక, కొలబద్దతోను తక్కెడతోను వాడినచో, మాటయు నిలుచును, చేయియు నిలుచును.